పదకొండు కొట్టేలోపు గంటస్తంభం దాటేయండి

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు కలిపి చూస్తే సగానికి పైగా ఒకటే గోల. వేసవికి చుట్టాలొస్తున్నారు, ఊరు చూపించాలి, ఒక పూటలో అయిపోవాలి, ఎండకి ఎవరూ పడిపోకూడదు. మిగతా ప్రశ్నలు వచ్చేసారికి ఉంచి ఇవే తీసుకున్నాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది పలాస. మే రెండోవారంలో విజయనగరంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. పెళ్ళి మర్నాడు పొద్దున్నించి రెండు గంటల రైలు దాకా ఖాళీ. 72 ఏళ్ళ మా అత్తగారు, మా పిల్లలిద్దరు, హైదరాబాదు నుంచి వచ్చే మరిది వాళ్ళు, మొత్తం ఏడుగురం. లాడ్జిలో ఎవరో గైడు ఉన్నాడంట, హాఫ్ డే టూర్ పేరుతో పైడితల్లమ్మ గుడి, కోట, గంటస్తంభం, గురజాడ ఇల్లు, మ్యూజిక్ కాలేజీ, రామతీర్థం, రామనారాయణం అన్నీ తిప్పేస్తానన్నాడు. ఒప్పుకోమంటారా? (ఒక పాఠకురాలు, పలాస)

జవాబు: అమ్మా, ఆ లిస్టు చదివేసరికి నాకే ఆయాసం వచ్చింది, ఇంక మీ అత్తగారి సంగతేటి. రామతీర్థం నెల్లిమర్ల వైపు, ఊరికి పన్నెండు కిలోమీటర్ల పైమాటే, రామనారాయణం కోరుకొండ రోడ్డులో, అంటే అదొక దిక్కు ఇదొక దిక్కు. ఏడుగురు ఎక్కి దిగి, చెప్పులు విప్పి తొడిగి, పిల్లలకి బాత్రూం చూపించి, ఫోటోలు దిగి... ఈ లెక్కలో చోటుకి అరగంట వేసుకున్నా మీ రైలు ఎల్లిపోద్ది. ఆ రెండూ కొట్టేయండి. రామనారాయణం లైట్లు వేశాక సాయంత్రం చూస్తేనే బావుంటుంది, రామతీర్థానికి ఒక పూట విడిగా కావాలి, గుడితో పాటు గురుభక్తుల కొండ మీద బౌద్ధుల ఆనవాళ్ళున్నాయి, ఎక్కాలంటే మోకాళ్ళు బావుండాలి.

మిగిలిన అయిదూ ఊళ్ళోవే. ఒకదానికీ ఇంకోదానికీ పెద్ద దూరం లేదు, కుర్రాళ్ళైతే నడిచే తిరిగేస్తారు. మీరు రెండు ఆటోలు మాట్లాడుకోండి, ఏడుగురూ ఒకదాన్లో ఇరుక్కుని ఎండలో వేడెక్కకండి. బయల్దేరడం ఆరింటికి. పెళ్ళి మర్నాడు ఆరింటికి ఎవరు లేస్తారండీ అంటారు, నాకు తెలుసు, కానీ ఆరు అనుకుంటేనే ఏడింటికైనా కదులుతారు, ఏడు అనుకుంటే తొమ్మిది, తొమ్మిదికి కదిలితే కదలకపోవడమే నయం.

ముందు మూడు లాంతర్ల దగ్గర పైడితల్లమ్మ చదురుగుడికి వెళ్ళండి. పెద్దావిడకి దర్శనం అయిపోయిందంటే ఆ తర్వాత ఎక్కడ కూర్చోబెట్టినా సంతోషంగా కూర్చుంటారు, ఇది నా సొంత అనుభవం. ఆలయ కథ గైడు చేత చెప్పించుకోండి, ఊళ్ళో వాళ్ళు చెప్తుంటే ఆ రుచే వేరు. 1757లో బొబ్బిలి యుద్ధం, ఆ యుద్ధం ముగిశాక విజయనగరం రాజు విజయరామరాజుని ఆయన డేరాలోనే బొబ్బిలి వైపు తాండ్ర పాపారాయుడు చంపడం, ఆ కబురు విని చెల్లెలు పైడిమాంబ పెద్దచెరువులో కలిసిపోవడం, తర్వాత పతివాడ అప్పలనాయుడు చెరువులోంచి అమ్మవారి విగ్రహం తీయడం. బొబ్బిలి వాళ్ళు ఇదే కథని వేరేగా చెప్తారు, వాళ్ళ మాట వాళ్ళది.

అక్కడ్నించి టిఫిను. పెళ్ళిభోజనం పొట్టలో ఇంకా ఉంటుంది కాబట్టి ఇడ్లీ చాలు, పూరీలూ మైసూర్ బోండాలూ వద్దు, నూనె తిని ఎండలో తిరిగితే దాహం తీరదు.

ఎనిమిదికల్లా కోట. ఇక్కడ ఒక మాట ముందే చెప్తాను, కోట లోపల కాలేజీలు నడుస్తున్నాయి, మోతీమహల్ అయితే 1979లోనే ఇక్కడి రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు గారు ఆడపిల్లల కాలేజీ కోసం మాన్సాస్ ట్రస్టుకి ఇచ్చేశారు, అంచేత రాజస్థాన్ కోటల్లో టిక్కెట్టు కొనుక్కుని గదిగదీ తిరిగినట్టు ఇక్కడ కుదరదు. ఎక్కడిదాకా రానిస్తారో గైడుని ముందురోజే కనుక్కోమనండి. రానివ్వకపోయినా నష్టం లేదు, తూర్పు వైపు నగార్‌ఖానా గుమ్మం, బురుజులు, బయట కందకం పొద్దుటెండలోనే అందంగా ఉంటాయి, పదకొండు తర్వాత అదే గోడ పెనం.

గంటస్తంభం దగ్గర పది నిమిషాలు చాలు. 1885లో కట్టిన ఎనిమిది పలకల స్తంభం, 68 అడుగులు. పిల్లల చేత పలకలు లెక్కపెట్టించండి. బజారు పది దాటాక పూర్తిగా తెరుచుకుంటుంది, అప్పుడు బళ్ళూ మనుషులూ హారన్లూ కలిసి అక్కడ నిలబడడానికే ఉండదు, అందుకే శీర్షిక అలా పెట్టాను.

ఆ తర్వాత గురజాడ వారిల్లు, అక్కడ తొందరపడకండి. కన్యాశుల్కం 1892లో ఈ ఊళ్ళోనే మొదటిసారి ఆడారు, పుస్తకంగా వచ్చింది 1897లో, మనం ఇప్పుడు చదివే పెద్ద నాటకం 1909 నాటిది. ఆ సంగతులు మీ మరిదిగారికి తెలిసే ఉంటాయి, కానీ ఆ ఇంట్లో నిలబడి వింటే వేరు. నీడ కూడా ఉంటుంది, అది చిన్న విషయం కాదు.

ఆఖర్న సంగీత కళాశాల. మే నెల కదా, సెలవులిచ్చేసి ఉండొచ్చు, బయట్నించైనా చూడండి. 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ చేరదామని వస్తే నీకు నేర్పేదేం లేదు నువ్వే నేర్పు అన్నట్టుగా ఇరవయ్యారేళ్ళకే వయొలిన్ పాఠాలు చెప్పే ఉద్యోగం ఇచ్చారు. ఘంటసాల చదివిందీ ఇక్కడే, ఇంటింటికీ వెళ్ళి మధూకరం ఎత్తుకుని తింటూ చదువుకున్నారు. ఈ ముక్క మాత్రం ట్యూషన్ ఎగ్గొట్టే పిల్లలకి వినిపించండి, వినరనుకోండి.

పదిన్నరకల్లా లాడ్జి. స్నానం, మజ్జిగన్నం, గంట నిద్ర, రైలు. ఇంతకీ గైడు కావాలా అంటే కావాలి, కాకపోతే మీరిచ్చిన లిస్టుకి ఒప్పుకునేవాడే కావాలి. "లేదమ్మా అన్నీ చూడాల్సిందే" అని పట్టుబడితే ఇంకొకర్ని చూసుకోండి. డబ్బు మాత్రం బయల్దేరే ముందే తేల్చుకోండి, ఆటో కలిపా విడిగానా, వెయిటింగు ఉందా, టిఫిను ఎవరిది. దిగాక మాట్లాడుకుంటే పేచీ ఖాయం.

ప్రశ్న: పోయిన నెల మా అమ్మని అరసవిల్లి, శ్రీకూర్మం ఒకే ట్రిప్పులో తీసుకెళ్ళాను. మాతో వచ్చినాయన బాగా చెప్పాడు గాని పదకొండున్నరకి బయల్దేరదీశాడు. గుడి చుట్టూ బండలమీద అమ్మ కాళ్ళు కాలిపోయాయి, కార్లో ఎక్కాక కళ్ళు తిరిగాయంది. టెంపరేచర్ చూస్తే 37 ఉంది అంతే. అంత తక్కువలో కూడా వడదెబ్బ తగులుతుందా? (శ్రీకాకుళం నుంచి ఒకరు)

జవాబు: తగుల్తుంది నాయనా. మనవైపు 37కీ రాయలసీమలో 37కీ పోలికే లేదు. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, పట్టిన చెమట ఆరితే చల్లబడుతుంది. మనకి సముద్రం పక్కనే ఉంది, గాలిలో తేమ నిండా ఉంటుంది, చెమట ఆరదు, కారుతుంది అంతే. చొక్కా తడిసి ముద్దవుతున్నా లోపల వేడి లోపలే. కర్నూలు నుంచి వచ్చిన చుట్టాలు "ఇదేం ఎండ, మా దగ్గర 43" అని నవ్వి, మధ్యాహ్నానికి మంచమెక్కడం మా ఇంట్లో చూశాను.

అరసవిల్లి ఊళ్ళోనే కదా, పొద్దున్నే కానిచ్చేయండి. సూర్యుడి గుడికి ఎండలో వెళ్ళడం భక్తే, కాదనను, కానీ కిరణాలు స్వామి పాదాల మీద పడేది కూడా పొద్దున్నే, మార్చిలో అక్టోబరులో ఆ నాలుగు రోజులూ జనం తెల్లారకుండానే నిలబడతారు. శ్రీకూర్మంలో రాతి మండపాల నీడ ఉంది, రెండు ధ్వజస్తంభాలు, తాబేళ్ళు, చూసుకుంటూ నెమ్మదిగా గడపొచ్చు, కాబట్టి రెండోది అదే పెట్టుకోండి. కాళ్ళకి పాత సాక్సులు ఒక జత సంచిలో పడేసుకోండి. నవ్వితే నవ్వనీండి.

నీళ్ళు దాహం వేసినప్పుడు కాదు, అంతకు ముందు నుంచే కాస్త కాస్త తాగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మంచిదే కాని సగం సగం కలపకండి, ప్యాకెట్టు మీద లీటరు అనుంటే లీటరు, 200 మిల్లీలీటర్లు అనుంటే అంతే. దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలకొట్టిన (పైకి పోగు లేకుండా సమంగా గీసిన) ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. అమ్మగారికి షుగరో బీపీనో ఉంటే ఈ సంగతి డాక్టర్ని ముందే అడగండి, నామాట మీద వద్దు. చోడి (రాగి) అంబలి, మజ్జిగ, ముంజెలు మనకెటూ ఉన్నాయి. కూల్‌డ్రింకుని నీళ్ళకింద లెక్క వెయ్యకండి.

కళ్ళు తిరగడం, తలనొప్పి, వికారం అంటే ఆపేయమని ఒళ్ళు చెప్తున్నట్టు. నీడకి తీసుకెళ్ళి పడుకోబెట్టి తడిగుడ్డ పెట్టి విసరండి. మాట తడబడినా, మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా 108కి ఫోన్ చెయ్యడమే, గైడుగారి కథ ఎక్కడిదాకా వచ్చిందో చూడక్కర్లేదు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకండి.

నాకూ ఇలాంటిది ఒకటి జరిగింది. మా బాబాయిని తీసుకుని ఏప్రిల్లో ఇక్కడే కోట చూడ్డానికి వెళ్ళాం, మాతో వచ్చిన గైడు మంచివాడే, చదువుకున్నవాడు, కానీ తను గోడ నీడలో నిలబడి మమ్మల్ని ఎదురుగా ఎండలో నిలబెట్టి ఇరవై నిమిషాలు రాజుల వంశం చెప్పాడు. బాబాయి మాటామంతీ లేకుండా వెళ్ళి ఒక చెప్పుల కొట్టు మెట్టుమీద కూలబడ్డారు. కొట్టాయన కుండలో నీళ్ళిచ్చి, ఫ్యానిటు తిప్పి, తన చిన్నప్పుడు గంటస్తంభం మోత విని నాన్న కొట్టు కట్టేవాడని చెప్పుకొచ్చాడు. ఆ రోజు మొత్తంలో బాబాయికి గుర్తున్నది అదొక్కటే. అప్పట్నించి గైడుని మాట్లాడుకునేటప్పుడు నేను ఒకే ఒక్కటి చూస్తాను, మమ్మల్ని నీడలో నిలబెట్టి తను ఎండలో నిలబడతాడా లేదా.

ప్రశ్న: నాది చీపురుపల్లి, డిగ్రీ అయ్యింది. మా ఫ్రెండుకి కారుంది, ఇద్దరం కలిసి విజయనగరం హాఫ్ డే టూర్లు మొదలెడదాం అనుకుంటున్నాం. కోట గురించి ఏం చెప్పాలి? నెట్లో ఒక్కోచోట ఒక్కోలా ఉంది. కాస్త మసాలా కలిపితే తప్పా? (ఒక తమ్ముడు)

జవాబు: మసాలా తప్పు కాదు తమ్ముడూ, మసాలా అని చెప్పకపోవడం తప్పు. "ఇది కాయితం మీద ఉంది, ఇది జనం చెప్పుకునేది" అని రెండూ చెప్పు, వినేవాళ్ళకి రెండూ కావాలి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది, ఇది హంపీ విజయనగరం కాదు అని. నవ్వకు, ప్రతి టూర్లోనూ ఒకడు కృష్ణదేవరాయలు ఏ బురుజు మీద కూర్చునేవాడని అడుగుతాడు. రాయలు ఇటు వచ్చాడు, నిజమే, సింహాచలంలో 1516 నాటి శాసనం ఉంది, కానీ ఈ కోట ఆయన తర్వాత సుమారు రెండొందల ఏళ్ళకి ఈ ఊరి రాజులు పూసపాటి వాళ్ళు కట్టింది, 1713లో.

ఇక అయిదు విజయాల కథ. రాజు పేరు విజయరామరాజు, ఏడాది విజయ, రోజు విజయదశమి, వారం మంగళవారం అంటే జయవారం, ఊరికి పెట్టిన పేరు విజయనగరం. ఇది ఊళ్ళో చెప్పుకునే లెక్క. ఇందులో ఒకటి మాత్రం నువ్వు అక్కడికక్కడే రుజువు చేసి చూపించొచ్చు. మన సంవత్సరాల పేర్లు అరవైకి ఒకసారి తిరిగొస్తాయి కదా, 2013 ఉగాదికి వచ్చింది విజయ నామ సంవత్సరం, అందరికీ గుర్తుంటుంది, అందులోంచి అయిదు అరవైలు తీసెయ్యమను. 1713 వస్తుంది. కాలేజీ పిల్లలు ఫోన్ తీసి లెక్కేసి చూస్తారు, అక్కడ్నించి నువ్వేం చెప్పినా వింటారు.

ఆ చోటు చూపించింది అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరని ఇంకో కథ. అది కథగానే చెప్పు, బావుంటుంది, వదలకు.

తేదీలు మరీ కుప్పపొయ్యకు, ఎండలో నాలుగు అంకెల కంటే ఎవరికీ గుర్తుండవు. పిల్లలుంటే వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి గారి సంగతి చెప్పు, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి విజయనగరంలో వ్యాయామశాల నడిపాడంటే వాళ్ళ నోళ్ళు తెరుచుకుంటాయి. క్రికెట్ పిచ్చోళ్ళుంటే 1936లో ఇంగ్లండుకి ఇండియా టీముని తీసుకెళ్ళిన కెప్టెన్ విజ్జీ ఈ రాజుల కుర్రాడే, ఆ టూర్లో లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపించేసిన గొడవ కూడా ఉంది, అది మొదలెట్టావంటే మాత్రం టూరు టైముకి అవ్వదు, చూసుకో.

కారులో ఒక క్యాను నీళ్ళు, నాలుగు గొడుగులు, ఒక ప్లాస్టిక్ స్టూలు. ఆ స్టూలే నీకు పేరు తెస్తుంది.

ప్రశ్న: వేరే ఊరెళ్ళినప్పుడు అరపూట టూర్ అని ఎక్కితే అందులో గంటన్నర చీరల కొట్లోనే కూర్చోబెట్టారు. గైడుకి కమీషన్ ఉంటుందంట కదా. అడగాలంటే మొహమాటం. (పార్వతీపురం నుంచి)

జవాబు: ఉంటుంది. మొహమాటం పక్కనబెట్టి ఎక్కేముందే "షాపింగు వద్దండీ, కావాలంటే మేమే చెప్తాం" అనండి, నవ్వుతూనే అనొచ్చు. అప్పుడు రేటు కాస్త పెంచుతాడు, పెంచనీండి, అది అతని నిజమైన కూలి. మీరు కొన్న చీరలో ఎలాగూ అది కట్టారు కదా.

ప్రశ్న: దసరా తర్వాత సిరిమాను పండగకి మా ఆఫీసువాళ్ళు పదిమంది వస్తామంటున్నారు. ఆ రోజే పొద్దున్న కోట, గంటస్తంభం గైడుతో చూసేసి మధ్యాహ్నం సిరిమాను చూడొచ్చా? (బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బొబ్బిలి నుంచి ఈ ప్రశ్న రావడం నాకు భలే నచ్చింది. కానీ వద్దు. ఆ మంగళవారం ఊళ్ళో టూరు అనే మాటే లేదు. పొద్దున్నించే రోడ్లు ఆపేస్తారు, చదురుగుడి నుంచి కోట దాకా ఇసకేస్తే రాలదు, ఆటో అన్నది కనపడదు. ముందు పాలధార, అంజలి రథం, ఏనుగు, బెస్తవారి వల, వెనకాల ఆకాశంలో ఊగుతూ మాను చివర కూర్చున్న పూజారి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి మొదటిసారి తోసుకోకండి, కంగారుపడేవాళ్ళంతా మొదటిదానికే తోసుకుంటారు.

ఊరు చూడాలనుంటే ఆదివారమే వచ్చేయండి, కోటా బజారూ ఆ రోజు పొద్దున్నే కానిచ్చి, సోమవారం రాత్రి తొలేళ్ళు, అంటే సిరిమాను ముందురోజు ఉత్సవం చూసి, మంగళవారం ఎవరైనా తెలిసినవాళ్ళ మేడ పట్టుకుని పన్నెండింటికే ఎక్కి కూర్చోండి. పదిమందికి మేడ దొరకడం కష్టమే. విజయనగరంలో చుట్టాలు లేని బొబ్బిలి వాళ్ళుంటారా ఏంటి, అడిగి చూడండి.

ప్రశ్న: మీరు ప్రతిసారీ విజయనగరం విజయనగరం అంటారు, అక్కడ చూడ్డానికేముంది? బీచ్ లేదు, పెద్ద పార్కు లేదు. అరపూట కూడా ఎక్కువే. (వైజాగ్ నుంచి, పేరు రాయలేదు)

జవాబు: పేరు రాయకపోవడం మంచిదైంది, మా ఊరివాళ్ళు మీకోసం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కాపు కాసేవారు. బీచ్ ఊళ్ళో లేదు, ఒప్పుకుంటాను, జిల్లాలో చింతపల్లి ఉంది, అక్కడ లైట్‌హౌసు కూడా ఉంది, మీ బీచ్ అంత జనం ఉండరు, పల్లీలమ్మేవాళ్ళూ ఉండరు, ఇంటి దగ్గర్నించే తెచ్చుకోవాలి. అరపూట ఎక్కువ అంటే గైడుని పెట్టుకోకండి, ఎండ దిగాక నాలుగున్నరకి వచ్చి అయ్యకోనేరు గట్టు మీద ఒక చుట్టు నడవండి, గంటస్తంభం దగ్గర నిమ్మసోడా తాగండి. తిరిగెళ్ళే బస్సు టైము మాత్రం దిగగానే కనుక్కోండి, చీకటి పడ్డాక సీటు దొరకడం కష్టం, వైజాగ్ దాకా నిలబడాలి.